ఒక ప్లేటు ఎంతమందికి? చైనా భోజనంలో కొలతల లెక్క

క్లుప్తంగా: చైనాలో అన్నం గిన్నె మనిషికి లెక్క, కూర ప్లేటు బల్లకి లెక్క. నూడుల్స్, డంప్లింగ్స్ (లోపల మాంసమో కూరగాయలో పెట్టి చుట్టిన పిండి వంటకం) లాంటివి చాలా చోట్ల బరువు చెప్పి తెప్పించుకుంటారు. ఈ పద్ధతి దేశం దాటాక అన్నమూ కూరా కలిసి ఒకే డబ్బాలో, ఒకే ప్లేటులో మనిషి ముందుకి వచ్చాయి. చైనా వంట ‘ఎక్కువ పెడతారు’, ‘తక్కువ పెడతారు’ అనే రెండు మాటలూ ఇక్కడే పుట్టాయి. చైనాలోనేమో అతిథి మర్యాద కోసం ఎక్కువ తెప్పించే అలవాటు 2021లో చట్టం చేసేదాకా వెళ్లింది.

ఎంబీబీఎస్ చదవడానికి చైనా వెళ్లిన తెలుగు విద్యార్థులకైనా, సరుకు కొనడానికి గ్వాంగ్‌జౌ, ఈవూ వెళ్లే వ్యాపారులకైనా మొదటి వారంలో భాష తర్వాత టెన్షన్ పెట్టేది హోటల్ మెనూనే. ఒక్కరే కూర్చుని మూడు ఐటమ్స్ చెబితే బల్ల నిండిపోతుంది, అన్నం మాత్రం రాదు, ఎందుకంటే అది విడిగా చెప్పుకోవాలి. మర్నాడు నూడుల్స్ దుకాణంలో ‘ఒకటి’ అని వేలు చూపిస్తే నాలుగు ముద్దల్లో గిన్నె ఖాళీ అవుతుంది. నిన్న అంత ఎక్కువ, ఇవాళ ఇంత తక్కువ ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ భోజనం ఎలా కుదిరిందో చూడాలి.

అన్నం మనిషికి, కూర బల్లకి

ఫాన్, త్సాయ్ అనే రెండు మాటలు తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఫాన్ అంటే అన్నం. గోధుమలు పండే ఉత్తరాదిలో నూడుల్స్, ఆవిరి మీద ఉడికించే మాంతౌ అనే రొట్టె కూడా ఆ కోవలోకే వస్తాయి. త్సాయ్ అంటే దానితో కలిపి తినేవన్నీ: కూరగాయలు, మాంసం, చేప, టోఫు. మనకి అన్నం, కూర ఎలాగో వాళ్లకి ఇవి అలాగే. పలకరింపు కూడా కలుస్తుంది. మనం ‘అన్నం తిన్నావా’ అన్నట్టే వాళ్లు ‘ఛి ఫాన్ ల మా’ అంటారు.

తేడా అంతా వడ్డనలో ఉంది. మన పంక్తిలో గరిటె పట్టుకున్న మనిషి ఒక్కొక్కరి విస్తరిలో కూర వేస్తాడు. ఎవరికెంత అనేది అక్కడే తేలిపోతుంది. చైనా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల ముందు చిన్న అన్నం గిన్నె, చాప్‌స్టిక్స్, ఒక చిన్న ప్లేటు, సూప్‌కి ఇంకో గిన్నె ఉంటాయి. కూరలన్నీ మధ్యలో ఉంటాయి. చేయి చాచి ఒక ముక్క తీసుకుని, అన్నం మీద ఆనించి, రెండు మెతుకులతో కలిపి నోట్లో పెట్టుకుని, మళ్లీ ఇంకో ప్లేటు వైపు చూస్తారు. ఎవరు ఎంత తిన్నదీ ముక్క ముక్కకీ తేలుతుంది తప్ప ముందే కొలిచి పెట్టేదేమీ ఉండదు. కాబట్టి ‘మనిషికి ఎన్ని గ్రాముల కూర’ అనే ప్రశ్నకి ఆ బల్ల దగ్గర జవాబు దొరకదు. ‘ఈ బల్లకి ఎన్ని కూరలు’ అని అడిగితే దొరుకుతుంది.

ఇంట్లో వాడే అన్నం గిన్నె దోసిట్లో ఇమిడిపోయేంత ఉంటుంది. అందులో పట్టే అన్నం సుమారు 150 నుంచి 200 గ్రాములు, అంటే 200 నుంచి 260 క్యాలరీలు. భోజనంలో కాస్త స్థిరంగా ఉండే కొలత ఇదొక్కటే. ఆకలి ఉంటే రెండో గిన్నె పెట్టించుకుంటారు.

హోటల్లో ఆర్డరుకి అందరికీ తెలిసిన లెక్క, ఎంతమంది ఉంటే అన్ని కూరలు, పైన ఒక సూప్. నలుగురుంటే మాపో టోఫు (కారంగా వండిన టోఫు కూర), సన్నగా తరిగిన పంది మాంసం వేపుడు, వెల్లుల్లి వేసిన ఆకుకూర, టమాటా గుడ్డు వేపుడు, మధ్యలో ఒక పెద్ద గిన్నెడు సూప్. ‘నాలుగు కూరలు, ఒక సూప్’ అనే మాట చైనీయుల నోట సామెతలా నానింది. ప్రభుత్వ విందుల్లో ఆడంబరం వద్దని చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా ఈ లెక్కనే గుర్తు చేస్తారు. ఇదే పద్ధతిలో ఒక్క మనిషి వెళ్తే ఆ నాలుగు కూరల్లో ఒకటి వస్తుంది. నలుగురు పంచుకునే భోజనంలో నాలుగో వంతు అది. కాకపోతే నాలుగు రుచులకి బదులు ఒకటే రుచి అంత మోతాదులో తినాల్సి వస్తుంది. ఒంటరిగా వెళ్లినవాళ్లకి ప్లేటు పెద్దదిగా, విసుగ్గా అనిపించడానికి కారణం ఇది.

ఈ పద్ధతి అనాదిగా ఉన్నది కాదు. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి హాన్ వంశం కాలంలో చాప మీద కూర్చుని, ఎవరి ముందు వాళ్ల చిన్న బల్ల పెట్టుకుని తినేవాళ్లు. ఎత్తు బల్లలు, కుర్చీలు వాడుకలోకి వచ్చి, సోంగ్ వంశం (960-1279) నాటికి అందరూ ఒకే బల్ల చుట్టూ చేరడం మామూలైంది. 1910-11లో ఈశాన్య చైనాలోని మంచూరియాలో ప్లేగుని అదుపు చేసిన డాక్టర్ వూ లియెన్-తే, ఒకే గిన్నెలో అందరూ చాప్‌స్టిక్స్ ముంచడం ప్రమాదమని చెప్పి, బల్ల మీద తిరిగే పళ్లెం, వడ్డించుకోవడానికి విడి గరిటెలు వాడమని సూచించాడు. కోవిడ్ తర్వాత వడ్డనకి విడి చాప్‌స్టిక్స్ పెట్టాలనే ప్రచారం మళ్లీ గట్టిగా సాగింది.

లియాంగ్ లెక్క

కూరకి బల్ల లెక్క అయితే పిండి వంటకాలకి బరువు లెక్క. చోంగ్‌చింగ్ నగరంలో పొద్దున్నే నూడుల్స్ దుకాణం ముందు ప్లాస్టిక్ స్టూళ్లు వేసి ఉంటాయి. వచ్చినవాళ్లు కూర్చోకముందే ‘అర్ లియాంగ్’ అనో ‘సాన్ లియాంగ్’ అనో కేకేస్తారు. రెండు లియాంగ్‌లు, మూడు లియాంగ్‌లు అని. ఒక లియాంగ్ అంటే 50 గ్రాములు. అది ఉడకబెట్టక ముందు నూడుల్స్ బరువు. మిరప నూనె, సిచువాన్ మిరియాలు, ఆకుకూర, సూప్ దీనికి అదనం. మామూలు ఆకలికి రెండు లియాంగ్‌లు సరిపోతాయి, కష్టం చేసేవాళ్లు మూడు చెబుతారు. ‘ఒకటి’ అని వేలు చూపించిన విద్యార్థికి వచ్చింది 50 గ్రాముల నూడుల్స్.

బరువుని బట్టి అడిగే ఈ అలవాటు రేషన్ రోజుల్లో బలపడింది. 1955 నుంచి 1993 దాకా చైనా పట్టణాల్లో ధాన్యానికి కూపన్లు ఉండేవి. హోటల్లో తినాలన్నా డబ్బుతో పాటు కూపన్ ఇవ్వాలి. కూపన్ మీద లియాంగ్‌లు, జిన్‌లు రాసి ఉంటాయి కాబట్టి దుకాణం కూడా అదే కొలతలో అమ్మాలి. కూపన్లు పోయి ముప్పై ఏళ్లు దాటినా నోటి మీద కొలత మిగిలింది.

డంప్లింగ్స్ దగ్గర చాలామంది తికమకపడేది ఇక్కడే. పది లియాంగ్‌లు ఒక జిన్, జిన్ అంటే అర కిలో. అంతవరకు తెలిసిన మనిషి ‘అర జిన్ అంటే పావు కిలోనే కదా’ అనుకుని చెబుతాడు. వచ్చే ప్లేటులో పాతిక నుంచి ముప్పై డంప్లింగ్స్ ఉంటాయి. ఎందుకంటే ఆ పావు కిలో పైన చుట్టిన పిండిది మాత్రమే, లోపలి మాంసం, క్యాబేజీ లెక్కలో లేవు. కూపన్ ధాన్యానికి కాబట్టి కొలత పిండికే వర్తించింది. బీజింగ్ వైపు లియాంగ్‌కి ఐదారు డంప్లింగ్స్ వస్తాయి. షాంఘైలో పెనం మీద కాల్చే షెంగ్‌జియాన్ బావ్ అయితే లియాంగ్‌కి నాలుగు.

పాత రోజుల్లో జిన్‌కి పదహారు లియాంగ్‌లు ఉండేవి. రెండూ ఒకటే అని చెప్పడానికి ‘అర జిన్, ఎనిమిది లియాంగ్’ అనే జాతీయం అందుకే పుట్టింది. 1959లో చైనా ప్రధాన భూభాగంలో పదికి మార్చారు. హాంకాంగ్, తైవాన్‌లలో పదహారే నిలిచింది, అక్కడ జిన్ దాదాపు 600 గ్రాములు. మనకి కిలోలు వచ్చాక వీశెలు, సేర్లు పోయాయి. జిన్ మాత్రం కిలోలో సగంగా సర్దుకుని బతికింది. బతికున్న చేపల్ని తొట్టిలో చూపించి తూకం వేసి వండే హోటళ్లలో ధర జిన్‌కా, లియాంగ్‌కా అని ముందే అడగడం అవసరం. రెంటికీ మధ్య పది రెట్లు తేడా.

దక్షిణాదిన గ్వాంగ్‌జౌ వైపు కాంటనీస్ డిమ్ సమ్ (టీతో తినే చిన్న చిన్న ఆవిరి వంటకాలు) దుకాణాల్లో ఇంకో రకం చిక్కు ఉంది. అక్కడ కార్డు మీద ‘చిన్నది, మధ్యది, పెద్దది’ అని ఉంటుంది. అది ధర తరగతి, మోతాదు కాదు. వెదురు బుట్టలో మూడు లేదా నాలుగు పీసులే వస్తాయి. రొయ్యలు పెట్టినవి ‘పెద్ద’ ధరలోకి వెళ్తాయి. ‘ఒక కప్పు టీ, రెండు పీసులు’ అనేది అక్కడి పాత నానుడి. కబుర్లు చెప్పుకుంటూ టీ తాగడానికి తోడుగా తినేవి ఇవి.

కంటికి కొండ, కడుపుకి గుప్పెడు

ప్లేటు ఎంత పెద్దదో, అందులో తినేది ఎంతో రెండూ వేరు. దీనికి చోంగ్‌చింగ్‌దే ఇంకో ఉదాహరణ, లాజీజీ. ఎండుమిరపకాయల కుప్పగా వస్తుంది. గోళీకాయంత ముక్కలుగా, ఎముకతో సహా కొట్టి కరకరలాడేలా వేయించిన కోడి ఆ కుప్పలో అక్కడక్కడా ఉంటుంది. మిరపకాయలు తినడానికి కాదు, వాసన పట్టించడానికి. చాప్‌స్టిక్స్‌తో పక్కకి జరుపుతూ ఒక్కో ముక్క ఏరుకుని తింటారు. భోజనం అయ్యాక ప్లేటు దాదాపు వచ్చినంత ఎత్తుగానే ఉంటుంది. అంతా తినాలేమోనని హడలిపోయే కొత్తవాళ్లు, అలా వెనక్కి వెళ్లే ప్లేటు చూసి ఆహారం పారేస్తున్నారని బాధపడేవాళ్లు ఇద్దరూ పొరబడుతున్నట్టే.

షుయ్‌జూ యూ అనే చేప వంటకం కూడా అంతే. బేసినంత గిన్నెలో, పైన ఎర్రటి నూనె తేలుతూ వస్తుంది. చేప ముక్కలు, అడుగున ఉన్న మొలకలు తీసుకుని తింటారు, ద్రవం గిన్నెలోనే ఉండిపోతుంది. పోషకాహారం కోణంలో ఇది చాలా ముఖ్యమైన విషయం. చైనా 2022 ఆహార మార్గదర్శకాలు పెద్దవాళ్లకి రోజుకి 25 నుంచి 30 గ్రాముల నూనె, 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటాయి. హోటల్ వేపుడు ఒక్క ప్లేటులోనే ఆ నూనె ఉండవచ్చు. కానీ ప్లేటు నలుగురిది, చాప్‌స్టిక్స్‌కి జారిన నూనె, సాస్ ప్లేటులోనే మిగిలిపోతాయి. అదే వంటకాన్ని అన్నం మీద గుమ్మరించి చెంచాతో తింటే చుక్క మిగలదు. వండేది మారకుండా తినే పద్ధతి మారినా లోపలికి వెళ్లే నూనె, ఉప్పు మారిపోతాయి.

ఉత్తరాన బేసిన్, దక్షిణాన బుట్ట

ఈశాన్య రాష్ట్రాలు, అంటే చైనీయులు దోంగ్‌బెయ్ అనే ప్రాంతం, పెద్ద ప్లేట్లకి పేరు. గడ్డకట్టే చలి, వ్యవసాయం పని, షాన్‌దోంగ్ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాలు, ఇనుప మూకుడులో గంటలకొద్దీ ఉడికే మాంసం, పులియబెట్టిన క్యాబేజీ. అలాంటి వంట కొంచెంగా చేయడం కుదరదు. దక్షిణాది నుంచి వెళ్లిన చైనీయులే అక్కడ ఇద్దరికి నాలుగు కూరలు చెప్పి కంగారుపడతారు. షాన్‌షీ రాష్ట్రంలో (రాజధాని షీఆన్) గిన్నె ఏదో, బేసిన్ ఏదో చెప్పలేమని నానుడి ఉంది. షిన్‌జియాంగ్‌లో ‘దాపాన్‌జీ’ అంటే పేరులోనే పెద్ద ప్లేటు కోడి అని ఉంది. ఎముకతో కొట్టిన కోడి, బంగాళాదుంపలు, పైన వెడల్పాటి నూడుల్స్. ముగ్గురు నలుగురు లేకుండా దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

తైవాన్‌లోని తైనాన్‌లో దాన్‌జాయ్ నూడుల్స్ గిన్నె మాత్రం అరచేతిలో పడుతుంది. తుపాన్ల నెలల్లో సముద్రంలోకి వెళ్లలేని జాలరులు కావడి మోస్తూ అమ్మిన చిరుతిండి అది. చెంగ్‌దూ దాన్‌దాన్ నూడుల్స్‌ది కూడా కావడి పుట్టుకే. భుజం మీద మోసుకుని తిరిగే వంటకి చిన్న గిన్నె తప్పదు. వీటిని భోజనంగా లెక్కేసి ‘ఇంతేనా’ అనుకోవడం, బండి దగ్గర ఒక ప్లేటు పునుగులు తిని భోజనం సరిపోలేదు అన్నట్టే.

మిగలాలి అనే మర్యాద

నలుగురికి నాలుగు కూరలు సరిపోతాయని తెలిసినా విందు బల్ల మీద ఎనిమిది, పది, పన్నెండు ఎందుకు కనిపిస్తాయి? దీని వెనుక ‘మియాన్‌జ’ ఉంది, అంటే పరువు. ప్లేట్లు ఖాళీ అయితే పిలిచినవాళ్లు చాలినంత పెట్టలేదన్న అర్థం వస్తుంది. అందుకే అతిథి గిన్నె ఖాళీ కాకుండా ఇంటివాళ్లు మంచి ముక్క ఏరి అందులో పెడుతూ ఉంటారు. మన పెళ్లి పంక్తిలో కొసరి కొసరి వడ్డించడం తెలిసినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కొత్త సంవత్సరం రాత్రి చేప మొత్తం తినకుండా కావాలని కొంత మిగులుస్తారు. చేపకీ మిగులుకీ చైనీస్‌లో పలికేది ఒకటే, ‘యూ’. ఏడాది పొడవునా ఇంట్లో మిగులు ఉండాలన్న కోరిక అది. కరువులు చూసిన సమాజంలో ఇలాంటి నమ్మకం బలంగా నాటుకోవడం సహజం.

చట్టం దాకా వెళ్లిన మిగులు

ఈ మర్యాదకి అయిన ఖర్చు చిన్నది కాదు. చైనా సైన్స్ అకాడమీ పరిశోధకులు, ప్రపంచ వన్యప్రాణి నిధి కలిసి 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2015లో చైనా నగరాల హోటళ్లలో 1.7 నుంచి 1.8 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. మనిషికి పూటకి 93 గ్రాములు. మూడు నుంచి ఐదు కోట్ల మందికి ఏడాది పొడవునా సరిపోయే తిండి అది.

అప్పటికే 2013లో ‘ప్లేటు ఖాళీ చేద్దాం’ అనే ప్రచారం మొదలైంది. 2020 ఆగస్టులో అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఆహార వృథా గురించి గట్టిగా మాట్లాడాక అది ఊపందుకుంది. వూహాన్ హోటళ్ల సంఘం ‘మైనస్ ఒకటి’ పద్ధతి ప్రతిపాదించింది. పది మంది వస్తే తొమ్మిది కూరలే ముందు చెప్పాలి, చాలకపోతే మళ్లీ చెప్పొచ్చు. అదే నెలలో చాంగ్షాలో ఒక రెస్టారెంట్ వచ్చినవాళ్ల బరువు తూచి, దాన్ని బట్టి ఏం తినాలో సూచించే ఏర్పాటు చేసింది. జనం మండిపడటంతో క్షమాపణ చెప్పింది. ఆ కోపంలో న్యాయం ఉంది. వృథాకి మూలం బల్ల మీద పరువు అయినప్పుడు మనిషి ఒంటిని తూకం వేయడం గురి తప్పిన వైద్యం, పైగా అవమానం.

2021 ఏప్రిల్ 29న ఆహార వృథా నిరోధక చట్టం వచ్చింది. అవసరానికి మించి ఆర్డర్ చేసేలా ప్రేరేపించే హోటళ్లకి ముందు హెచ్చరిక, వినకపోతే 10 వేల యువాన్ల దాకా జరిమానా. అతిగా తినడాన్ని వినోదంగా చూపించే కార్యక్రమాలు, వీడియోలకి లక్ష యువాన్ల దాకా. బాగా మిగిల్చినవాళ్ల నుంచి చెత్త పారవేసే రుసుము తీసుకునే వీలుని కూడా హోటళ్లకి ఇచ్చింది, ముందే ధర కనపడేలా రాసి ఉంటే. వినియోగదారుడి కంటే హోటల్ మీద బాధ్యత ఎక్కువ పెట్టడం, చిన్న ప్లేట్లు పెట్టమని చెప్పడం ఇందులో తెలివైన భాగం. మిగిలింది కట్టించుకోవడాన్ని ‘దాబావ్’ అంటారు. ఒకప్పుడు అతిథి ముందు నామోషీ అనుకున్న ఈ పని ఇప్పుడు మామూలైపోయింది.

డబ్బాలో చేరాక

అమెరికాలో చైనా వంటకి గుర్తుగా నిలిచిన మడత డబ్బా నిజానికి ఆల్చిప్పల మాంసం కోసం పుట్టింది. 1894లో షికాగోలో పేటెంట్ అయింది. పైంట్ (సుమారు అర లీటరు), క్వార్ట్ (సుమారు లీటరు) అనే ద్రవ కొలతల్లో వచ్చే డబ్బా కాబట్టి చైనా కూర కూడా ఆ కొలతల్లోనే అమ్ముడైంది. బల్ల కోసం వండిన కూర మొత్తం ఒక డబ్బాలో, అన్నం ఇంకో డబ్బాలో, రెండూ ఒక్కరి పేరు మీద. అమెరికా హోటళ్లలో మనిషికో మెయిన్ డిష్ చెప్పే అలవాటు ఉంది. ఆ లెక్కలోకి చైనా ప్లేటు వచ్చి చేరింది. కూరకి అన్నం అనుపానం అనుకునే దేశానికి, అన్నానికి కూర అనుపానం అనుకునే దేశపు వంట వెళ్లిందన్నమాట.

సెంటర్ ఫర్ సైన్స్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్ అనే వినియోగదారుల సంస్థ 2007లో అమెరికా చైనీస్ హోటళ్ల వంటకాలని పరీక్షించి, జనరల్ త్సో చికెన్ (తీపి కారం సాస్‌లో వేయించిన కోడి) ఒక్క ప్లేటులో సుమారు 1,300 క్యాలరీలు, 3,200 మిల్లీగ్రాముల సోడియం ఉన్నాయని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ చెప్పే సోడియం హద్దు 2,000 మిల్లీగ్రాముల లోపు. నలుగురు పంచుకుంటే అదే ప్లేటు మనిషికి 325 క్యాలరీలు, 800 మిల్లీగ్రాములు. అమెరికాలోని తెలుగు కుటుంబాలు నలుగురికి రెండు మూడు డబ్బాలు తెప్పించి, ఇంట్లో అన్నం వండుకుని, మధ్యలో పెట్టుకుని తింటే తెలియకుండానే చైనా పద్ధతికి దగ్గరగా వస్తున్నారు.

వన్ బై టూ, హాఫ్, ఫుల్

మన దేశపు చైనీస్ కథ కోల్‌కతా చైనీయుల వంటిళ్లలో మొదలైంది. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చికెన్ మంచూరియన్ తయారుచేశాడని చెబుతారు. చైనాలో లేని ఆ వంటకం మన ఊళ్లలో మంచూరియాగా స్థిరపడింది. కొలతలు కూడా ఇక్కడివే వచ్చాయి. బండి దగ్గర ఫ్రైడ్ రైస్ హాఫ్, ఫుల్. ఫుల్ అంటే ఒక మనిషికి రాత్రి భోజనం, అందులోకి కూర అక్కర్లేదు. చైనా విందులో ఫ్రైడ్ రైస్ చివర్లో వస్తుంది, తలా ఒక చిన్న గిన్నెడు తింటారు. అక్కడ ముగింపుగా ఉన్నది ఇక్కడ భోజనం మొత్తం అయింది.

సూప్ మాత్రం పాత దారిలోనే ఉంది. చైనాలో సూప్ బల్ల మధ్యలో పెట్టి చిన్న గిన్నెల్లోకి పోసుకుంటారు. హైదరాబాద్ రెస్టారెంట్లలో ‘వన్ బై టూ’ అనగానే వెయిటర్ ఒక సూప్‌ని రెండు గిన్నెల్లో సమానంగా తెచ్చిపెడతాడు. పంచుకునే తిండికి కొలత మాట దొరికిన చోటు అది.

బల్ల చిన్నదవుతోంది

పాత చైనా ఇళ్లలో ఎనిమిది మంది కూర్చునే చదరపు బల్ల ఉండేది, విందుల్లో పది మంది పట్టే గుండ్రటి బల్ల. 2010 జనగణనలో ఆ దేశంలో సగటు కుటుంబం 3.10 మంది, 2020 నాటికి 2.62. ఒక్కరే ఉండే ఇళ్లు 12.5 కోట్లు దాటాయి, మొత్తం ఇళ్లలో నాలుగో వంతుకి పైగా. నాలుగు కూరలు, ఒక సూప్ అనే లెక్క చెప్పుకోవడానికి నలుగురు దొరకని ఇళ్లు ఇవి.

ఫుడ్ డెలివరీలో అన్నం మీద కూర పోసిన ఒంటరి డబ్బా, హాట్‌పాట్ (బల్ల మీద మరిగే సూప్‌లో ముక్కలు ఉడికించుకుని తినే) హోటళ్లలో ప్రతి ఐటమ్‌కీ సగం ప్లేటు, మామూలు హోటళ్లలో ‘చిన్న ప్లేటు’ పెరుగుతున్నది అందుకే. చిన్న ప్లేటు ధర సగం ఉంటుందనుకుంటే పొరబాటు. మాంసం, కూరగాయలు సగం పడతాయి గానీ, మూకుడు కడగడం, వేడెక్కించడం, వంటవాడు నిలబడే రెండు మూడు నిమిషాలు ఏ ప్లేటుకైనా అంతే. హోటళ్లు చిన్న ప్లేట్లకి మొదట్లో వెనకాడడానికి ఇదే కారణం.

ఆ చిక్కుకి యూనివర్సిటీ క్యాంటీన్లలో ఎప్పటి నుంచో ఒక దారి ఉంది. ఒకేసారి పెద్ద మూకుళ్లలో వండి, స్టీలు ట్రేలలో వరసగా పెడతారు. విద్యార్థి గాజు అద్దం మీద వేలు పెట్టి ఒక మాంసం కూర, రెండు కూరగాయలు చూపిస్తాడు. అవతల నుంచి గరిటెతో గళ్ల ప్లేటులో ఒక్కో గరిటె పడుతుంది, పక్క గడిలో రెండు లియాంగ్‌ల అన్నం.